పొలాల్లో పాత కందకాలు వెతికే పని: మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి జాగ్రఫీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. విమానాలు, డ్రోన్లతో తీసిన ఫొటోల్లో పొలాల మధ్య కనిపించే వింత వలయాలు, మట్టికట్టలు ఏమిటో తేల్చే పనిలోకి వెళ్తానంటోంది. ఎప్పుడు చూసినా ల్యాప్‌టాప్‌లో శాటిలైట్ ఫొటోలే. ఇది అసలు ఉద్యోగమేనా? డ్రోన్ కోర్సులో చేర్పిస్తే సరిపోతుందా? నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా. దాదాపు వందేళ్లుగా ఉన్న పని. ఏరియల్ ఆర్కియాలజీ అంటారు. దీనికి బాట వేసినవాళ్లలో ముఖ్యుడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్. ఆయన చదివిందీ జాగ్రఫీయే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నుంచి శత్రువుల జాడలు కనిపెట్టే పని చేసి, 1920లో బ్రిటన్‌లో మ్యాపులు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వేలో తొలి పురావస్తు అధికారిగా చేరాడు. కాబట్టి మీ అమ్మాయి డిగ్రీ మార్చుకోనక్కర్లేదు. డ్రోన్ కోర్సు మాత్రం ఇప్పుడే వద్దు.

డ్రోన్ ఎగరేయడం కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. తీసిన ఫొటోను చదవడానికే ఏళ్లు పడుతుంది. ఈ రంగంలో మనిషికి విలువ తెచ్చేది ఆ చదవడమే.

ఒక గోధుమ చేను తీసుకోండి. వేల ఏళ్ల కిందట అక్కడ తవ్విన కందకం ఎప్పుడో పూడిపోయింది. పైన తరతరాలుగా దున్నుతున్నారు. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. కానీ పూడిన కందకంలో మట్టి లోతుగా ఉంటుంది, తేమ ఎక్కువ కాలం నిలుస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడాది చుట్టూ పైరు పసుపు తిరుగుతుంటే, ఆ గీత మీది మొక్కలు మాత్రం ఇంకా పచ్చగా, ఏపుగా ఉంటాయి. కింద రాతి పునాది ఉంటే అంతా తలకిందులు: వేరు దిగక పైరు గిడసబారి ముందే ఎండుతుంది. ఇవన్నీ పైనుంచే తెలుస్తాయి, అదీ పైరు పండే ముందు కొన్ని వారాలే.

1925లో గిల్బర్ట్ ఇన్‌సాల్ అనే పైలట్‌కు ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గరి పొలంలో గుండ్రటి గుర్తు కనిపించింది. మరుసటి వేసవిలో పైరు ఎదిగాక చూస్తే లోపల చుక్కలు వరసలు తీరి ఉన్నాయి. తవ్వితే అవి ఒకప్పటి కొయ్య స్తంభాల గుంతలని, ఆరు వలయాలుగా ఉన్నాయని తేలింది. అదే వుడ్‌హెంజ్. 2018లో ఐర్లండ్‌లో ఎండలు మండిపోయినప్పుడు, న్యూగ్రేంజ్ అనే పురాతన సమాధికి దగ్గర్లోని పొలంలో ఇలాగే ఒక పెద్ద వలయం డ్రోన్ కెమెరాకు చిక్కింది.

ఇవి వింటే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. అసలు పరీక్ష మాత్రం ఇక్కడే మొదలవుతుంది. పొలంలో కనిపించే ప్రతి వలయమూ పురాతనం కాదు. గడ్డిలో పుట్టగొడుగుల జాతి శిలీంధ్రాలు చక్కటి వలయాలు గీస్తాయి. పశువులకు మేత వేసే గుండ్రటి తొట్టి చుట్టూ నేల తొక్కుడుపడి వలయమే మిగులుతుంది. నీరు పోవడానికి పాతిన పైపులు చేప ముల్లులాంటి గీతలుగా కనిపిస్తాయి. మంచుయుగంలో నేల గడ్డకట్టి పగిలిన పగుళ్లు అచ్చం పాత కోట ఆవరణల్లా ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా తీసేయగల మనిషి కావాలి. అందుకే నా మాట ఇది: మీ అమ్మాయి ముందు నేలల గురించి, భూగర్భశాస్త్రం గురించి, వ్యవసాయం గురించి చదవాలి. పాత మ్యాపులు చూసే అలవాటు చేసుకోవాలి. పైనుంచి తేలింది సగమే, నేల మీద నడిచి, అయస్కాంత సర్వే (నేలలోని అయస్కాంత తేడాలను కొలవడం) చేసి, అవసరమైతే తవ్వి చూశాకే తేదీ, పేరు పెడతారు.

మరి ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు ఉంటాయా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. పెరూలోని నాస్కా ఎడారిలో ఏఐ సాయంతో 303 కొత్త నేల బొమ్మలు బయటపడ్డాయని 2024లో ప్రకటించారు. అక్కడ యంత్రం చూపింది అనుమానాలనే. ఏది నిజమో పరిశోధకులు అక్కడికి వెళ్లి తేల్చారు.

ఇక జీతం సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను. దీని ఒక్కదానికే పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, మొదట్లో చాలావరకు కాంట్రాక్టు పనే. పురావస్తు శాఖలు, యూనివర్సిటీలు, సర్వే కంపెనీలు తీసుకుంటాయి. చాలా దేశాల్లో రోడ్డో పైప్‌లైనో వేసే ముందు నేలలో ఏముందో చూడాలి, బ్రిటన్‌లో 1990 నుంచి ఆ ఖర్చును నిర్మాణం చేపట్టేవాళ్లే పెట్టుకునే పద్ధతి వచ్చాక ప్రైవేటు పని బాగా పెరిగింది. మీకు ధైర్యం ఇచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఈ దారిలో నేర్చుకునే జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని), రిమోట్ సెన్సింగ్ (విమానాలు, ఉపగ్రహాల నుంచి నేలను చదవడం) వ్యవసాయానికి, నీటి వనరులకు, పట్టణ ప్రణాళికకు కూడా కావాలి. ఇక్కడ చోటు దొరక్కపోయినా చదువు వృథా కాదు. అందుకే పీజీ ఎంచుకునేటప్పుడు రిమోట్ సెన్సింగ్ గట్టిగా నేర్పుతూ, పురావస్తు శాస్త్రం పేపర్లు తీసుకోనిచ్చే చోటు చూడండి.

ఈ ఏడాది ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటి చెబుతాను. ఇంగ్లండ్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు లైడార్ డేటా ఉచితంగా ఇస్తున్నాయి. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలిచిన డేటా అది. దాన్ని మ్యాపుల ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి, వెలుగు ఒక దిక్కు నుంచి పడినట్టు నీడలు వేయించమనండి. వెలుగు పడే దిశలోనే సాగే మట్టికట్ట కనిపించకుండా పోతుంది. దిక్కు మారిస్తే పైకి తేలుతుంది. అన్ని దిక్కుల నుంచీ చూసి, గూగుల్ ఎర్త్‌లో అదే పొలం పాత ఫొటోలు ఏడాదివారీగా పక్కన పెట్టుకుని, నాలుగైదు చదరపు కిలోమీటర్లను ఓపిగ్గా మ్యాపు చేయాలి. ప్రతి గీత పక్కనా అది ఏమై ఉండొచ్చు, ఎందుకు అలా అనుకుంటోంది, ఎంత నమ్మకం ఉంది అని రాయాలి. "తెలియదు" అని రాయడానికీ జంకకూడదు.

కొత్తగా ఏదైనా కనిపిస్తే ఆ చోటు వివరాలు సోషల్ మీడియాలో పెట్టొద్దనండి. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు అలాంటి వాటికోసమే కాచుకుని ఉంటారు. ముందు ఆ ప్రాంతపు పురావస్తు అధికారులకు తెలియజేయాలి. పొలం యజమాని అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. మూడో సంవత్సరం పరీక్షలలోపు ఇలాంటి మ్యాపు ఒకటి పూర్తయితే, పీజీ దరఖాస్తులో మార్కుల జాబితాతో పాటు దాన్నీ జతచేయమనండి.