మధ్యాహ్నం ఆక్సిజన్ 8.4 ఉంది, తెల్లారేసరికి చేపలు చచ్చాయి: మీటరు తప్పు చెప్పిందా?

మీరు అడిగింది ఇది: నదీముఖంలో మధ్యాహ్నం పై నీటిలో ముంచిన మీటరు లీటరుకు 8.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చూపించింది. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. మర్నాడు తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. మీటరు పాడైందా, ఎవరైనా విషం కలిపారా?

మీటరు బాగానే ఉండి ఉండొచ్చు. ఆ 8.4లోనే సగం జవాబు ఉంది. సముద్రమట్టం దగ్గర, 30 డిగ్రీల మంచినీరు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.56 మాత్రమే. నిదానంగా కదిలే నీటిలో అంతకు మించి కనిపించిందంటే, ఆ అదనాన్ని ఎండలో నాచు తయారుచేసింది. చీకటి పడగానే ఆ తయారీ ఆగిపోతుంది, నాచు ఊపిరి తీసుకోవడం మాత్రం పగల్లాగే రాత్రీ సాగుతుంది, కుళ్లే పదార్థాన్ని తినే బ్యాక్టీరియా ఎలాగూ ఆగదు. అందుకే మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఎక్కినంత ఎక్కి, సూర్యోదయానికి కాస్త ముందు అట్టడుగుకు పడుతుంది. గాలి నుంచి పట్టుకోగలిగేదాన్ని వంద అనుకుంటే, పగలు 110 శాతం దాటిన నీటిని చూసి సంతోషించేవాళ్లే ఎక్కువ. నాకైతే ఆ అంకె చూడగానే రాత్రి సంగతి గుర్తొస్తుంది.

ఇంకో చిక్కు. మీటరులో ఉప్పదనం సెట్టింగ్ ఎంత పెట్టారు? చాలా మీటర్లలో అది సున్నా దగ్గరే ఉండిపోతుంది. ప్రోబ్, అంటే నీటిలో ముంచే కొన, నిజానికి కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని. దాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చేది లోపలి లెక్క, ఆ లెక్కకు ఉప్పదనం కావాలి. ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి, ఉప్పదనం 35 పీఎస్‌యూ (ఉప్పదనానికి కొలమానం, సుమారుగా కిలో నీటికి అన్ని గ్రాముల ఉప్పు) ఉన్న సముద్రపు నీటిలో సెట్టింగ్ సున్నా ఉంటే మీటరు దాదాపు 20 శాతం ఎక్కువ చెబుతుంది. మీ దగ్గర ఉప్పదనం 20 అనుకుంటే, 8.4 అన్నది అసలు 7.5 దగ్గర ఉంటుంది. సంతృప్త శాతం, అంటే ఆ నీరు పట్టుకోగలిగేదానిలో ఎంత శాతం ఉందన్నది, మాత్రం ఈ సెట్టింగ్‌తో మారదు. అందుకే నోటు పుస్తకంలో శాతం, మిల్లీగ్రాములు రెండూ రాసుకోవాలి. తర్వాత ఉప్పదనం తెలిసినా లెక్క సరిచేసుకోవచ్చు.

ఇక అసలు సంగతి లోతు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. నదీముఖంలో నది నీరు పైన జారుతూ సముద్రం వైపు పోతుంటే, ఉప్పునీరు చీలలాగా కింద నుంచి లోపలికి వస్తుంది. రెండిటి మధ్య ఉప్పదనం చప్పున మారే పొర మూతలా పనిచేసి, పైనుంచి ఆక్సిజన్ కిందికి దిగకుండా ఆపేస్తుంది. అడుగున బురద మాత్రం తినేస్తూనే ఉంటుంది. పైన 8, అడుగున 1 ఒకే పడవ కింద ఉండటం వింతేమీ కాదు. 2 కన్నా తగ్గిన నీటిని సాధారణంగా ఆక్సిజన్ కరువు నీరు అంటారు. గాలికో, పోటుకో ఆ అడుగు నీరు పైకి వచ్చిందంటే చేపలకు తప్పించుకునే దారి ఉండదు.

కాబట్టి ఒక్క పాయింటు కాకుండా, పై నుంచి అడుగు దాకా కొలవండి. ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆక్సిజన్ మూడూ కలిపి ప్రతి అర మీటరుకు, ఉప్పదనం వేగంగా మారే చోట 20 సెంటీమీటర్లకు ఒకసారి. బురదకు 30 సెంటీమీటర్ల పైన ఆగిపోండి. ప్రోబ్ బురదను తాకితే సున్నా చూపిస్తుంది, అది నీటి సున్నా కాదు. కొనకు పలుచని పొర (మెంబ్రేన్) ఉన్న పాతరకం ప్రోబ్ ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది కాబట్టి దాన్ని కదుపుతూ ఉండాలి, కానీ పక్కలకు మాత్రమే. పైకీ కిందికీ ఆడిస్తే మీరే నీటి పొరలను కలిపేస్తారు. కాంతితో పనిచేసే ప్రోబ్‌కు ఆ కదుపుడు అక్కర్లేదు, అంకె నిలకడ పడేదాకా ఆగితే చాలు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే పొర ప్రోబ్ అంకెను నమ్మకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ దాన్ని పాడుచేస్తుంది.

సమయం: సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ఒకే చోట. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే రోజూ ఉదయం ఆరింటికి కొలిచినా ఒకే నీటిని కొలిచినట్టు కాదు. పోటు పూర్తయిందా, పాటు (నీరు వెనక్కి తీయడం) నడుస్తోందా అన్నది పక్కన రాయాలి. అష్టమి ప్రాంతంలో ఆటుపోట్లు బలహీనం, కలయిక తక్కువ, అడుగు నీరు ఎక్కువ కాలం కదలకుండా ఉంటుంది. అడుగున అధ్వాన్నమైన అంకె కావాలంటే ఆ రోజులు ఎంచుకోండి.

మీటరు మీద అనుమానం తీరాలంటే వింక్లర్ పరీక్ష, అంటే ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే పద్ధతి, చేయాలి. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించిన తనిఖీ లేదు. 300 మిల్లీలీటర్ల గాజు మూత సీసా తీసుకుని, గొట్టం చివర సీసా అడుగుకు ఆనించి, రెండు మూడు సీసాల నీరు పొంగి పోయేదాకా నింపండి. ఒక్క గాలి బుడగ మిగిలినా ఆ సీసా వృథా. పిపెట్ కొన నీటిలో ముంచి 1 మి.లీ. మాంగనీస్ సల్ఫేట్, 1 మి.లీ. క్షార అయొడైడ్ అజైడ్ కలిపి, మూత పెట్టి తిరగేసి కలపండి. అప్పుడు ఏర్పడే ముద్ద గోధుమ రంగులో ఉంటే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉంటే లేదు. అడుగు నీటికి ఆ తెలుపు చూస్తే చాలామందికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ముద్ద సీసా సగానికి దిగాక 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి కరిగించి, 201 మి.లీ. కొలిచి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి, అంటే రంగు పోయేదాకా చుక్కచుక్కగా కలుపుతూ ఎంత ఖర్చయిందో చూడండి. ద్రావణం లేత గడ్డి రంగుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి, దాంతో నీలం రంగు వస్తుంది. మొదటిసారి నీలం పోయినప్పుడు ఆపండి, తర్వాత తిరిగొచ్చే నీలాన్ని పట్టించుకోవద్దు. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్. సల్ఫైడ్ ఉన్న నీటిలో ఇదీ తక్కువ చూపిస్తుంది, అక్కడ కాంతి ప్రోబే మేలు. అజైడ్ ద్రావణాన్ని నేరుగా ఆమ్లంలో కలపకండి, విషవాయువు వస్తుంది. రాగి, సీసం గొట్టాలున్న సింకులో పారబోయనూ కూడదు, అక్కడ పేలే లవణాలు తయారవుతాయి.

విషం సంగతి. ఆక్సిజన్ కరువైతే చేపలు ముందు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, పెద్దవి ముందు చస్తాయి, అదీ తెల్లవారుజామున. చిన్నా పెద్దా తేడా లేకుండా, పగటిపూట చస్తే వేరే కారణం వెతకాలి. అందులో మొదట అమ్మోనియా. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెరుగుతుంది, దాంతో అమ్మోనియా విషరూపం వాటా కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.6 శాతం కూడా ఉండదు, 8 దగ్గర 5 శాతం దాటుతుంది, 9 దగ్గర మూడో వంతు మించుతుంది. ల్యాబ్ ఇచ్చే మొత్తం అమ్మోనియా అంకె ఒక్కటే చేతిలో ఉంటే ఉపయోగం లేదు. పీహెచ్, ఉష్ణోగ్రత నీటి ఒడ్డునే కొలిచి రాసుకోండి, సీసాను ఐసులో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చండి.