కార్డు పేరు కొత్తది, చిప్పు పాతది

(కంప్యూటర్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి మూడూ గ్రాఫిక్స్ కార్డుల మీదే వచ్చాయి.)

ప్రశ్న: అన్నా, నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డు ఆన్‌లైన్‌లో చౌకగా కనిపిస్తే కొన్నాను. మా ఫ్రెండ్‌కీ 580నే ఉంది. ఇద్దరం ఒకే గేమ్ ఒకే సెట్టింగ్స్‌తో ఆడినా వాడికే ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనబడే ఫ్రేములు) ఎక్కువ వస్తోంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే వాడిది 2304 షేడర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న కోర్లు), నాది 2048. నకిలీది అంటగట్టారంటావా?

జవాబు: నకిలీ కాదు తమ్ముడూ, చిక్కంతా అక్కడే ఉంది. ఏఎండీ 2017 ఏప్రిల్‌లో తెచ్చిన 580కి 2304 షేడర్లు. 2018 అక్టోబర్‌లో చైనా మార్కెట్ కోసం అదే పేరు చివర '2048ఎస్‌పీ' అని తోక తగిలించి ఇంకో కార్డు వదిలింది. 2048 అన్నది నిజానికి దాని కింది మోడల్ 570 లెక్క, అంటే నీ దగ్గరున్నది 580 చొక్కా తొడిగిన 570. కంపెనీవాళ్లే పెట్టిన పేరు కాబట్టి దొంగ సరుకు అనడానికి లేదు. కాకపోతే నీకు అమ్మినవాడు ఆ తోకను లిస్టింగ్‌లో రాశాడో లేదో ఒకసారి చూడు, రాయకపోతే గడువు దాటకముందే రిటర్న్ పెట్టు.

మీ ఫ్రెండ్ కూడా మరీ పొంగిపోనక్కర్లేదు. వాడి 580 అంటే 2016 జూన్‌లో వచ్చిన 480నే. అదే 14 నానోమీటర్ల (చిప్పు తయారీ పద్ధతి, అంకె తగ్గేకొద్దీ కొత్తది) పొలారిస్ డిజైన్, అవే 2304 షేడర్లు, క్లాక్ కాస్త పెంచారు, కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది. 2018 చివర్లో 12 నానోమీటర్లకు మార్చి 590 అన్నారు, అదీ ఆ వంశమే. పోటీ కంపెనీ ఎన్‌విడియా ఏమీ తక్కువ తినలేదులే. 2007లో 8800 జీటీ అని వచ్చింది, 112 షేడర్లు, 600 మెగాహెర్ట్జ్. మరుసటేడు 9800 జీటీ, దానికీ 112, 600. 8 తీసి 9 పెట్టారు, అయిపోయింది. దాని అన్నయ్య 9800 జీటీఎక్స్ ప్లస్ 2009కల్లా జీటీఎస్ 250 అయింది.

అసలు నకిలీ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. ఇక్కడ నెల్లూరులో మా వీధి కుర్రాడొకడు ఎవరి దగ్గరో కొన్న జీటీఎక్స్ 1050 టీఐ పట్టుకొచ్చాడు. వెనక నీలం రంగు వీజీఏ పోర్ట్ ఉంది. 1050 టీఐ చిప్పు నేరుగా వీజీఏ సిగ్నల్ ఇవ్వదు కదా, అక్కడే అనుమానం వచ్చింది. స్టిక్కర్ అంచు గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్ జిగురు. జీపీయూ-జెడ్ తెరిస్తే పేరు ముందే 'ఫేక్' అని చూపించింది. లోపల ఎప్పటిదో జీటీఎస్ 450, బయోస్ (కార్డు లోపలి ప్రోగ్రాం) మార్చేసి అమ్మారు. అబ్బాయి మొహం చూడలేకపోయాను. నీ పరిస్థితి అంత ఘోరం కాదు.

ప్రశ్న: ఒంగోలులో మాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది సార్. సెకండ్‌హ్యాండ్‌లో 3060 వస్తోంది, కొత్త 4060 తీసుకోమని మావాళ్లు అంటున్నారు. 3060 శామ్‌సంగ్‌లో చేసిన చిప్పు, వేడెక్కుతుందంట, 4060 తైవాన్‌ది మంచిదంట. ఎన్‌విడియాకి సొంత ఫ్యాక్టరీ లేదా? ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ ఎందుకు చేయిస్తారు?

జవాబు: లేదండీ, 1993లో కంపెనీ పెట్టినప్పటి నుంచీ లేదు. మా వైపు వడ్లు మిల్లుకు తోలడం చూసే ఉంటారు. వడ్లు మనవి, మిల్లు వాళ్లది. ఏ మిల్లుకు తోలాలో మనం చూసేది మూడే: ఆడించడానికి ఎంత తీసుకుంటాడు, పుట్టికి ఎంత నూక పోతుంది, మన సరుకు ఎప్పటికి అందుతుంది. చిప్పుల వ్యాపారమూ అచ్చం ఇదే. డిజైన్ ఎన్‌విడియాది, ఆడించేది తైవాన్ టీఎస్‌ఎంసీయో, శామ్‌సంగో. మొదట్లో ఎస్‌జీఎస్-థామ్సన్ దగ్గర చేయించి, 1998లో టీఎన్‌టీ కార్డుతో టీఎస్‌ఎంసీకి వెళ్లారు. 2003, 2004లో కొన్ని చిప్పులు ఐబీఎంకి ఇచ్చారు, 6800 అలా వచ్చిందే. 2016లో 1050లు, 2020లో 30 సిరీస్ గేమింగ్ కార్డులు శామ్‌సంగ్‌లో చేయించి, 2022లో 40 సిరీస్‌తో మళ్లీ టీఎస్‌ఎంసీ గడప తొక్కారు.

నూక సంగతి, అంటే తయారీలో చెడిపోయే చిప్పుల సంగతి, చిన్నది కాదు. టీఎస్‌ఎంసీ 40 నానోమీటర్ల లైను మొదట్లో సరిగా కుదరక, 2010లో ఎన్‌విడియా జీటీఎక్స్ 480ని 512 కోర్ల చిప్పులో 480 మాత్రమే ఆన్ చేసి అమ్మాల్సి వచ్చింది. ఇంకా దెబ్బతిన్నవాటిని 448తో 470 అన్నారు. నూకని ఎవరూ పారబోయరు కదా, దానికీ ఓ ధర ఉంటుంది.

ఏఎండీ కథ ఇంకో రకం. వాళ్లకు సొంత మిల్లే ఉండేది, 2009లో దాన్ని గ్లోబల్‌ఫౌండ్రీస్ పేరుతో విడగొట్టారు, కానీ అక్కడ ఇంత సరుకు ఆడిస్తామని ఒప్పందం మెడకు చుట్టుకుంది. పై ప్రశ్నలోని 480, 580, 590 అక్కడివే. 2018లో గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల పని ఆపేసింది, 2019 నుంచి ఏఎండీ రేడియన్ కార్డులు 7 నానోమీటర్లతో మళ్లీ టీఎస్‌ఎంసీ దారి పట్టాయి. విచిత్రం ఇంటెల్‌ది. అన్ని ఫ్యాబ్‌లు (చిప్పు ఫ్యాక్టరీలు) పెట్టుకుని ఆర్క్ కార్డుల చిప్పులు టీఎస్‌ఎంసీలో చేయించింది.

పాత కార్డుకు కొత్త పేరు పెట్టడం కూడా చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. 2012 నుంచి 2016 దాకా గ్రాఫిక్స్ చిప్పులన్నీ 28 నానోమీటర్ల దగ్గరే ఆగిపోయాయి, తర్వాతి 20 నానోమీటర్లు పెద్ద గ్రాఫిక్స్ చిప్పులకు పనికిరాలేదు. మిల్లులో కొత్త యంత్రం రాలేదు, అంగట్లో మాత్రం ఏడాదికో కొత్త మోడల్ కనబడాలి. ఏం చేస్తారు, సంచి మార్చారు. ఏఎండీ హెచ్‌డీ 7970 కాస్తా 2013లో ఆర్9 280ఎక్స్ అయింది, 290ఎక్స్ మెమరీ పెంచుకుని 2015లో 390ఎక్స్ అయింది.

ఇక మీ కార్డు. శామ్‌సంగ్ అన్నంత మాత్రాన భయపడొద్దు. వేడి విషయం సగం కూలర్‌ని బట్టి, క్యాబినెట్‌లో గాలి ఆడేదాన్ని బట్టి ఉంటుంది. కరెంటు తేడా మాత్రం నిజం, 3060 170 వాట్లు, 4060 115 వాట్లు. కానీ 3060కి 12 జీబీ మెమరీ, 4060కి 8. మీరు 4కే ఫుటేజ్ మీద ఎఫెక్ట్‌లు దండిగా వేస్తారనుకుంటే నేనైతే 12 జీబీ వైపే మొగ్గుతాను, మీ స్టూడియోలోనే గంటసేపు రెండర్ పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఫుల్ హెచ్‌డీయే అయితే వారంటీతో 4060 హాయి. ఒక్క జాగ్రత్త: 3060 పేరుతోనే 8 జీబీది కూడా ఉంది, మెమరీ బస్ (డేటా నడిచే దారి) 192 బిట్ నుంచి 128కి కోసేశారు. దాని జోలికి పోకండి.

ప్రశ్న: మాది కోవూరు. ఇంట్లో పాత పీసీకి జీటీ 1030 వేయిద్దామని వెళ్తే షాపులో రెండు రకాలు చూపించారు, ఒకటి డీడీఆర్4, ఇంకోటి జీడీడీఆర్5. "ఏదైనా ఒకటేలే అన్నా" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: పేరొక్కటే ఒకటి. 2017లో వచ్చిన జీడీడీఆర్5ది సెకనుకు 48 జీబీ డేటా లాగుతుంది, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4ది 16.8. అంటే మూడో వంతు. సినిమాలు చూడ్డానికైతే తెలియదు, పిల్లలు గేమ్ పెట్టారంటే వెంటనే తెలుస్తుంది. బాక్స్ పక్కన చిన్న అక్షరాల్లో మెమరీ రకం రాసి ఉంటుంది, చదివి తీసుకోండి. షాపతను మళ్లీ ఒకటేలే అంటే, ఒకటే అయినప్పుడు ఆ జీడీడీఆర్5దే ఇదే రేటుకు ఇవ్వవయ్యా అనండి.