కౌంటీ కాలేజీకి డబ్బు తగ్గిస్తే మా అమ్మాయి చదువేం కాను?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. గ్రీన్‌కార్డు ఉంది, సొంత ఇల్లు. అమ్మాయి హైస్కూల్ చివరి ఏడాది, క్లాసులో మొదటి పది శాతంలో ఉంది. రెండేళ్లు మా కౌంటీ (జిల్లా లాంటిది) కాలేజీ మిడిల్‌సెక్స్‌లో చదివి, రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌కి మారతానంటోంది. కౌంటీ బడ్జెట్‌లో కాలేజీకి కోత పడొచ్చని విన్నాం. మా స్నేహితుల పిల్లలందరూ పెద్ద యూనివర్సిటీలకే వెళ్తున్నారు. అప్పు చేసైనా వేరే రాష్ట్రంలో ప్రైవేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి పంపమంటారా?

జవాబు: బడ్జెట్ వార్తలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. ముందు భయం సంగతి. న్యూజెర్సీలో కౌంటీ కాలేజీలకు డబ్బు రాష్ట్రం, కౌంటీ, విద్యార్థుల ఫీజుల నుంచి వస్తుంది. తలా మూడో వంతు మోయాలన్నది ఈ కాలేజీల కోసం చేసిన 1962 చట్టం నాటి ఆలోచన. ఆ లెక్క నిలవలేదు, బరువు విద్యార్థుల వైపే ఒరిగింది. కౌంటీ చెయ్యి బిగించినంత మాత్రాన కాలేజీ మూతపడదు. గ్లౌస్టర్, కంబర్లాండ్ కౌంటీల కాలేజీలు 2019లో ఒకటైపోయినా రెండు చోట్లా క్లాసులు నడుస్తూనే ఉన్నాయి.

దెబ్బ తగిలేది వేరే చోట. సాయంత్రం కాలిక్యులస్-2 సెక్షన్‌లో పదిమంది కూడా చేరలేదని తీసేస్తారు. పగటి సెక్షన్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఆ ఒక్క కోర్సు కోసం రట్గర్స్‌కి మారడం ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది. అందుకని రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరు వేయించండి. చేరేది ఏ.ఏ. లేదా ఏ.ఎస్. అనే రెండేళ్ల డిగ్రీలోనే కావాలి. ఇక్కడి క్రెడిట్లను ప్రభుత్వ యూనివర్సిటీలు ఒప్పుకునే రాష్ట్ర ట్రాన్స్‌ఫర్ ఒప్పందం వాటికే. నేరుగా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం ఏ.ఏ.ఎస్. అని ఇంకోటి ఉంది, పొరబడొద్దు. ఆ ఒప్పందం క్రెడిట్లకు హామీ, సీటుకు కాదు. మంచి గ్రేడ్లు తెచ్చుకోవాల్సిందే.

ఇక మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. అమ్మాయికి ఏ సబ్జెక్ట్ ఇష్టమో మీరు ఒక్క ముక్క రాయలేదు. స్నేహితుల పిల్లల సంగతి మాత్రం రాశారు. వీకెండ్ పార్టీలో "అమ్మాయి ఎక్కడ చదువుతోంది?" అంటే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. బడ్జెట్ దానికో సాకు. క్లాసులో మొదటి పదిహేను శాతంలో ఉన్నవాళ్లకు సొంత కౌంటీ కాలేజీలో ట్యూషన్ కట్టే ఎన్‌జే స్టార్స్ స్కాలర్‌షిప్ ఉంది. బహుశా అమ్మాయి అది చూసుకునే అడిగింది. ఎందుకు అక్కడే అంటున్నావని ఒక్కసారైనా అడిగారా?

కంప్యూటర్ సైన్స్ కోసం అప్పు చేయమని కొన్నేళ్ల కిందట నేనూ చెప్పాను. ఇప్పుడు నోరు రావడం లేదు. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు మొదటి ఉద్యోగం కోసం నెలల తరబడి తిరగడం చూస్తున్నాను. పైగా మొదటి ఏడాది అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్ 5,500 డాలర్లు దాటదు. మిగిలినదంతా తల్లిదండ్రుల పేరు మీద ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్‌గానో ప్రైవేట్ లోన్‌గానో మీ మెడకే చుట్టుకుంటుంది. రెండో ఏడాది తనకి కోడింగ్ పడదని తెలిస్తే? నాన్న చేసిన అప్పు గుర్తొచ్చి, మేజర్ మార్చుకుంటానని నోరు విప్పలేని పిల్లల్ని చూశాను. నా బెంగ అదే. మీ అమ్మాయి ఆలోచన తెలివైనది, పంపండి.

ఈ వారమే తనతో కాలేజీకి వెళ్లి, ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్ దగ్గర కూర్చుని రట్గర్స్‌లో చెల్లే కోర్సుల జాబితా రాయించుకోండి. కౌంటీ బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ పెట్టినప్పుడు వెళ్లి, సెక్షన్లు తగ్గించొద్దని అడగండి. ఇంటి పన్నులో కౌంటీ వాటా కడుతున్నది మీరే.