కారును కిందికి దించాలంటే: స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా దగ్గర 2017 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఉంది. 70 వేల కిలోమీటర్లు దాటింది. రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు విజయవాడకు వెళ్తుంటాను. మలుపుల్లో కారు ఒరుగుతోంది. పైగా చక్రానికీ ఫెండర్‌కూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి చూడటానికి బాగాలేదు. 40 మి.మీ. దించే స్ప్రింగులు వేయించమని స్నేహితులు చెబుతున్నారు. పాత షాక్ అబ్జార్బర్లనే ఉంచి స్ప్రింగులు మాత్రమే మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మార్చకండి. ముందు షాక్ అబ్జార్బర్ల సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే స్ప్రింగుల గురించి ఆలోచించండి. కారు బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు కదలికను అదుపులో పెట్టేది షాక్. ఒకే మలుపులో నిలకడగా తిరుగుతున్నప్పుడు కారు ఎంత ఒరగాలో స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ) నిర్ణయిస్తాయి. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద వరుస మారినప్పుడు కారు ఎంత త్వరగా ఒరుగుతుంది, ఒరిగాక ఎన్ని ఊపులకు నిలబడుతుంది అనేవి షాక్ చేతిలో ఉంటాయి. 70 వేల కిలోమీటర్లు తిరిగిన షాక్‌లో నూనె, వాల్వులు, సీళ్లు కొత్తలో ఉన్నట్టు ఉండవు. ఆ క్షీణత కొద్దికొద్దిగా వస్తుంది కనుక రోజూ నడిపేవారు దానికి అలవాటుపడిపోతారు. మీకు ఒరుగుతున్నట్టు అనిపించడానికి సగం కారణం అదే అయి ఉండవచ్చు.

ఇక గట్టి స్ప్రింగు వేస్తే పాత షాక్ ఏమవుతుందో చూద్దాం. కారు పైకీ కిందికీ ఊగే వేగం స్ప్రింగు గట్టితనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. స్ప్రింగును 30 శాతం గట్టిచేస్తే ఊగే వేగం సుమారు 14 శాతం పెరుగుతుంది, దాన్ని ఆపడానికి షాక్ ఇవ్వవలసిన అడ్డగింపు కూడా దాదాపు అంతే పెరగాలి. షాక్ కొత్తదైతే ఈ తేడాను కొంతవరకు సర్దుకుంటుంది, అరిగినదైతే సర్దుకోలేదు. ముఖ్యంగా నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఉంచే శక్తి చాలకపోతే స్పీడ్ బ్రేకర్ దిగాక కారు రెండు మూడుసార్లు ఎగురుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు చక్రం కదలడానికి మిగిలే చోటుకు సంబంధించినది. దుకాణాల్లో ఎవరూ చెప్పని విషయం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఒక కారులో చక్రం పైకి కదలడానికి 75 మి.మీ. చోటు ఉందనుకుందాం. దాన్ని 40 మి.మీ. దించితే మిగిలేది 35 మి.మీ. మాత్రమే. అంతకుముందు 75 మి.మీ.లో మింగిన దెబ్బను ఇప్పుడు 35 మి.మీ.లోనే మింగాలంటే స్ప్రింగు నాలుగు రెట్లకు మించి గట్టిగా ఉండాలి. రోజూ నడిపే కారుకు అంత గట్టి స్ప్రింగును ఎవరూ అమ్మరు, అమ్మినా మీరు భరించలేరు. అందువల్ల ప్రతి పెద్ద గుంతలోనూ చక్రం బంప్ స్టాప్‌ను (కదలిక చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మెను) కొడుతుంది, ఆ దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది. దించిన కారు చాలా గట్టిగా ఉందని చాలామంది చెప్పేది నిజానికి స్ప్రింగు గట్టితనం కాదు, నిత్యం బంప్ స్టాప్ మీద కూర్చోవడం.

మీ కారు ముందు భాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంది, అంటే స్ప్రింగు, షాక్ కలిసి ఒకే నిలువు భాగంగా ఉంటాయి. ఈ అమరికలో కారును దించినప్పుడు కింది ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది కడ్డీ) కోణం మారి, రోల్ సెంటర్, అంటే కారు ఒరిగేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ బిందువు, కారు కంటే ఎక్కువగా దిగిపోతుంది. దాంతో ఆ బిందువుకూ కారు బరువు కేంద్రానికీ మధ్య దూరం, అంటే కారును ఒరగజేసే మీట, ఇంకా పొడవవుతుంది. అతిగా దించితే ఒరగడాన్ని ఆపడానికి పెట్టిన గట్టితనంలో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది.

రోడ్డు లెక్క కూడా చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. పోలో ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం దాదాపు 2.46 మీటర్లు. కనుక అలాంటి స్పీడ్ బ్రేకర్ నడుమకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, కారు అడుగున అది ఆక్రమించే ఎత్తు సుమారు 45 మి.మీ. మాత్రమే. కానీ మన కాలనీల్లో కనిపించేవి అలాంటివి కావు. అర మీటరు వెడల్పున నిటారుగా పోసినవి. వాటిని దాటేటప్పుడు ముందు చక్రాలు దిగిపోయి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కక, దిమ్మె మొత్తం ఎత్తూ కారు అడుగుకు ఎదురవుతుంది. నేల నుంచి కారు అడుగు వరకు ఉన్న సుమారు 165 మి.మీ. ఎత్తు నుంచి 40 తీసివేసి, నలుగురినీ సామానునూ ఎక్కిస్తే ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

కాబట్టి నా సలహా ఇది. చక్రానికీ ఫెండర్‌కూ మధ్య ఖాళీ తగ్గించడం తప్పనిసరి అనుకుంటే 20 నుంచి 25 మి.మీ. దగ్గర ఆగండి. స్ప్రింగులతో పాటు వాటి కోసమే పొట్టిగా చేసిన షాక్‌లు తీసుకోండి. ఉదాహరణకు బిల్‌స్టైన్ సంస్థ బి4, బి6 రకాలను మామూలు ఎత్తున్న కార్లకు, బి8ని దించిన కార్లకు ఉద్దేశించింది. బంప్ స్టాప్, స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పైకొసను బాడీకి బిగించే భాగం), దాని బేరింగ్ కూడా అప్పుడే కొత్తవి వేయించండి. స్ప్రింగు కొనేటప్పుడు అది మీ ఇంజిన్ బరువుకు తగినదో కాదో తప్పక చూడండి, ఎందుకంటే మీది పెట్రోల్ కారు, డీజిల్ పోలో ముందు భాగం బరువు వేరు. మరో జాగ్రత్త కూడా అవసరం. మన దేశంలో అమ్మే కార్లను తరచుగా ఐరోపా కార్ల కంటే కాస్త ఎత్తుగా ఇస్తారు, విదేశీ స్ప్రింగు పెట్టె మీద ఉండే సంఖ్య మాత్రం అక్కడి ఎత్తును బట్టి వేసినది. పెట్టె మీద 30 అని ఉన్నది మీ కారును అంతకంటే ఎక్కువ దించవచ్చు.

నన్నడిగితే, ఈసారికి మామూలు ఎత్తులోనే మంచి షాక్‌లు వేయించి కొన్నాళ్లు నడపండి. ఆ తర్వాత కూడా ఒరుగుడు మిమ్మల్ని ఇబ్బంది పెడితే స్ప్రింగుల మాట ఎత్తవచ్చు.

ప్రశ్న: కొత్త స్ప్రింగులు కొనే బదులు ఉన్నవాటినే ఒక చుట్టు కోయిస్తే సరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కోస్తే కారు దిగుతుంది, కానీ ఆ పని చేయించకండి. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే గట్టితనం 20 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల మీరు ఎంచుకున్నది కాదు, దానంతట అది వచ్చిపడినది. కోసిన కొస, స్ప్రింగు కూర్చునే గిన్నెలో సరిగా అమరదు. కారును జాకీ మీద ఎత్తినప్పుడో, చక్రం పెద్ద గుంతలోకి వేలాడినప్పుడో పొట్టిదైన స్ప్రింగు వదులై స్థానం తప్పవచ్చు. గ్యాస్ మంటతో కాల్చి కుదించడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఆ వేడికి ఉక్కు పదును పోయి స్ప్రింగు కుంగిపోతుంది లేదా విరుగుతుంది.

ప్రశ్న: స్ప్రింగులు, షాక్‌లు రెండూ మార్పించాను. కొద్ది నెలల్లోనే ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి, కింది నుంచి కిర్రుమనే శబ్దం కూడా వస్తోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కారు దిగినప్పుడు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉన్న కోణం) రెండూ మారతాయి. లోపలి అంచు అరగడానికి ఎక్కువగా కారణమయ్యేది టో, అది సర్దదగినదే. పని అయిన వెంటనే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక మరోసారి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. శబ్దానికి కింది ఆర్మ్ బుష్‌లను (ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలను) చూపించండి. కారు గాలిలో, చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులను బిగించేస్తే, కారు నేల మీద నిలిచినంతసేపూ బుష్‌లోని రబ్బరు మెలిపడే ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది. బోల్టులను వదులు చేసి, బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగించమనండి. హెడ్‌లైట్ల కోణాన్ని కూడా సరిచూడమనండి.

ప్రశ్న: ఈ మార్పులు చట్టానికి విరుద్ధమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో దాన్ని గట్టిగా సమర్థించింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అసలు ఎత్తునే ఉంచి అదే కొలతల కొత్త షాక్‌లు వేయించుకోవడం మరమ్మతు మాత్రమే కనుక అందులో ఈ బెంగ లేదు. ఎత్తు తగ్గించే ఆలోచన ఉంటే మాత్రం ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.