మేనకోడలికి, గుమాస్తా గారి విషయమై

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉద్యోగం మానేసి, మన వైపు బియ్యం మిల్లులకూ రొయ్యల చెరువుల వాళ్లకూ లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేసి అమ్ముతావట. ఆవిడ ఏడుస్తూ చెప్పింది, నేను నవ్వుతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఈ పిచ్చి మన ఇంట్లో నాతో ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు. సంతోషమే, భయమూ అందుకే.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. ధర కాగితం మీద రాసుకో, సగం సొమ్ము ముందే తీసుకో, చుట్టాలకు అరువు పెట్టకు, రోజూ బ్యాకప్ తీయించు. ఇవన్నీ నీకు తెలుసు.

నేను విండోస్ 95 కాలం వాణ్ణి. చెరువుల మధ్య గట్టు బలంగా లేకపోతే ఒకదానికి గండి పడగానే పక్కవన్నీ పోతాయి కదా, అందులో ప్రోగ్రాముల మధ్య గట్టు అలా బలహీనంగానే ఉండేది. ఒకటి దారి తప్పి పక్కదాని మెమరీలో చెయ్యి పెడితే మొత్తం యంత్రం నీలం తెర వేసుకుని కూర్చునేది. గట్టి గట్టు ఆఫీసుల కోసం చేసిన విండోస్ ఎన్‌టీలో అప్పటికే ఉంది. అది మామూలు ఇళ్లకు చేరడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ రావలసి వచ్చింది. ఇంకో వింత చెబుతాను. 95, 98 రెండింటిలోనూ మిల్లీసెకన్లు లెక్కపెట్టే గడియారం 49.7 రోజులకు నిండిపోయి యంత్రం బిగుసుకుపోయే లోపం ఒకటి ఉండేది. అది బయటపడడానికే ఏళ్లు పట్టింది. అన్ని రోజులు ఆగకుండా నడిస్తే కదా తెలిసేది! కోనసీమలో అయితే నలభై తొమ్మిది గంటలు వరసగా కరెంటు ఉండటమే గొప్ప.

లోపాలను క్షమించగలను. నాకు ఒళ్లు మండేది వాటి మాట తీరుకు. గాలికి తీగ తెగి కరెంటు పోతే, తిరిగి వెలిగించగానే 'సరిగ్గా మూయలేదు కనుక డిస్కులో తప్పులు ఉండవచ్చు, ఈ మాట మళ్లీ కనబడకూడదంటే ఇకపై పద్ధతిగా మూయండి' అని ఇంగ్లీషులో మందలింపు. గాలివానకు పడవలసిన అక్షింతలు నా నెత్తిన పడేవి. ప్రోగ్రాం కూలిపోతే 'చట్టవిరుద్ధమైన పని జరిగింది' అని ఇంకో పెట్టె వచ్చేది. మిల్లులో గుమాస్తా గారు అది చదివి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి "పోలీసుల దాకా వెళ్తుందా బాబూ?" అని అడిగారు.

అదే ధవళేశ్వరం దగ్గర చూడు. గోదావరి 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకె వినగానే లంకలో ముసలమ్మకు కూడా తెలుస్తుంది, గేదెలను ఎప్పుడు విప్పాలో, పడవ ఎప్పుడు ఎక్కాలో. నీ ప్రోగ్రాంలో రాసే ప్రతి హెచ్చరికనూ ఆ ముసలమ్మకు చదివి వినిపించు. వేసవిలో కాలువలు కట్టేసేటప్పుడు కూడా ముందుగా తేదీ చెబుతారు. నువ్వు అప్‌డేట్ పేరుతో తూకం మధ్యలో యంత్రాన్ని ఆపావంటే నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా తెలియదు.

1996 నవంబరు 6 తుఫానుకు మండపేట దగ్గర ఆ మిల్లు పైరేకులు లేచిపోయి, ఖాతా పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. గుమాస్తా గారు వాటిని ధాన్యం ఆరబోసే గచ్చు మీద పరచి, కాగితం కాగితానికీ గులకరాయి పెట్టి ఎండబెట్టారు. సిరా అలుక్కుపోయినా అంకెలు దక్కాయి. నేను అది చూసి నవ్వి, షావుకారుకు కంప్యూటర్ అంటగట్టాను. "ఇక తడిసే భయం లేదండీ" అన్నాను.

ఫాక్స్‌ప్రో అని, లెక్కల పట్టికలు దాచుకునే అప్పటి సాఫ్ట్‌వేర్, అందులో ప్రోగ్రాం రాశాను. మెనూలో 8 నొక్కితే ఫ్లాపీ మీదకు బ్యాకప్, 9 నొక్కితే కొత్త సీజన్. కొత్త సీజన్ అంటే పాత లెక్క మొత్తం తుడిచెయ్యడం. బ్యాకప్ తీసిన ప్రతిసారీ 'ఈ ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీద రాయనా?' అని యంత్రం అడిగేది. గుమాస్తా గారు భయపడి రోజూ నాకు ఫోన్ చేసేవారు. విసుగొచ్చి ఒక్క వరుస చేర్చాను: సెట్ సేఫ్టీ ఆఫ్. ఇక ఏ ప్రశ్నా రాదు. తుడిచేముందు వచ్చే ప్రశ్న కూడా దానితోనే పోతుందని నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

1999 దాళ్వా పంట. రెండు వందల పైచిలుకు ఆసాముల ధాన్యం లెక్క. రాత్రి పని ముగించి ఆయన 8కి బదులు 9 నొక్కారు. తెర ఒకసారి మిణికి మెనూ తిరిగి వచ్చింది. బ్యాకప్ అవలేదేమో అనుకుని, ఈసారి జాగ్రత్తగా 8 నొక్కారు. ఖాళీ ఫైళ్లు నిశ్శబ్దంగా వెళ్లి ఫ్లాపీలో మంచి లెక్కల మీద కూర్చున్నాయి. ఉన్నది ఆ ఒక్క ఫ్లాపీయే.

మర్నాడు షావుకారు అడిగారు. "గుమాస్తా గారు తప్పు మీట నొక్కారండీ" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ముప్ఫై ఏళ్లు పైసా తేడా రాకుండా లెక్కలు రాసిన మనిషి, కండువాతో కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. "వయసు మీద పడింది బాబూ" అన్నారు. నేను కాదనలేదు.

పదకొండు రోజులు ఎండలో కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ ఊరూరా తిరిగి, ఆసాముల దగ్గర కాటా చీటీలు పోగు చేసుకొచ్చారు. కొందరివి దేవుడి పటం వెనక దొరికాయి, ఒకరివి పిల్లలు పడవలు చేసి కాలువలో వదిలేశారు. చీటీ లేనివాళ్లకు షావుకారు వాళ్లు చెప్పిన బస్తాలకే డబ్బు కట్టారు. పై సంక్రాంతికి గుమాస్తా గారు పని మానేశారు. ఎవరూ మానమనలేదు.

ఫాక్స్‌ప్రోలోనే మంచి పద్ధతి ఒకటి ఉంది తల్లీ. డిలీట్ అంటే 'తీసెయ్యాలి' అని చీటీ అంటించడం మాత్రమే. ప్యాక్ అన్నప్పుడే తీసి పారేస్తుంది. నేను ఆ పద్ధతి వదిలి, అంతా ఒకేసారి ఊడ్చేసే జాప్ వాడాను. నువ్వు సీజను దాటి మరో సీజను గడిచేదాకా దేన్నీ పారేయకు. తుడిచే మీటను బ్యాకప్ పక్కన పెట్టకు. అడగవలసిన చోట అడుగు, అడగనక్కరలేని చోట నోరు మూసుకో. రోజుకు ఇరవైసార్లు అడిగితే ఇరవై ఒకటోసారి ఎవరూ చదవరు. తెర మీద మన తెలుగు లిపినీ గుడ్డిగా నమ్ముకోకు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోనులో దాన్ని చూపించబోయిన ప్రోగ్రాం కూలిపోయేది. సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా తెలుగు అక్షరానికి అంత ప్రఖ్యాతి! ఆసాముల పేర్లన్నీ, వత్తులతో సహా, ముందు నీ దగ్గరే కొట్టి చూసుకో.

సరిగ్గా తింటున్నావా? రాత్రిళ్లు తెర ముందే కునుకు తీస్తావని మీ అమ్మ చెప్పింది. వచ్చేటప్పుడు నీ యంత్రం తెచ్చుకో. నువ్వు లెక్క ఎక్కిస్తుండగా చెప్పకుండా ప్లగ్గు పీకేస్తాను. ఎన్ని బస్తాలు మిగులుతాయో చూద్దాం.

మర్నాడు పొద్దున్నే మండపేట బస్సు ఎక్కుదాం. గుమాస్తా గారికి ఎనభై దాటాయి, చూపు ఇంకా బాగానే ఉందట. నీ ప్రోగ్రాం మీటలు మొదట ఆయనే నొక్కాలి. ఆయన నొక్కుతున్నప్పుడు నువ్వు కాసేపు బయట అరుగు మీద కూర్చో. నాకు ఆయనతో ఒక మాట ఉంది.

ఇట్లు,
మామయ్య