ఫోటోలు ఫ్రీగా పెట్టే ముందు అల్లుడికో మాట

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను రా. ఇన్నాళ్ళూ తిరిగిన ఊళ్ళ ఫోటోలన్నీ నెట్‌లో పెట్టేస్తా, కింద "ఎవరైనా ఫ్రీగా వాడుకోండి" అని ఒక లైన్ కొడితే సరిపోతుందా మావయ్యా అన్నావు. సరిపోదు. ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది, అందరూ లైకులు లెక్కపెట్టుకుంటుంటే నువ్వు ఇవి ఎవరికైనా పనికొస్తాయేమో అనుకున్నావు చూడు, అది గొప్పే. కానీ ఫ్రీగా ఇవ్వడం అంటే కుప్పగా పోసేసి చేతులు దులుపుకోవడం కాదు, అవతల ముక్కూ మొహం తెలియనివాడు నిన్ను ఏమీ అడక్కుండా, భయం లేకుండా వాడుకునేలా ఇవ్వాలి, దానికి పని ఉంది. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు ఆ ఒక్క లైన్ సంగతి తేల్చేద్దాం. నువ్వు బటన్ నొక్కిన క్షణం నుంచే ఆ ఫోటో కాపీరైట్ నీది, దాదాపు ప్రపంచమంతా ఇంతే, రిజిస్టర్ చేయించక్కర్లేదు, మూలన గుర్తు వేయక్కర్లేదు. అంటే నువ్వు నోరు మెదపకపోతే "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నట్టే లెక్క. మరి "ఫ్రీగా వాడుకోండి" అన్నావనుకో, పుస్తకంలో వేసి అమ్ముకోవచ్చా? సగం కోసి వాడొచ్చా? నీ పేరు వేయాలా అక్కర్లేదా? రెండేళ్ళ తర్వాత నీ మనసు మారితే వాడి గతేంటి? వీటిలో ఒక్కదానికీ ఆ లైన్‌లో జవాబు లేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసే ఎడిటర్ అయితే అది చూసి ఎందుకొచ్చిన గొడవ అని వేరే ఫోటో వెతుక్కుంటాడు. అంటే నువ్వు ఎవరికైతే ఇద్దామనుకున్నావో వాళ్ళకే అందదు.

అందుకే రెడీమేడ్ లైసెన్స్ వాడు, అంటే ఎవరు ఎలా వాడుకోవచ్చో ముందే రాసిపెట్టిన షరతులు. ఇలాంటివి తయారుచేసే సంస్థ క్రియేటివ్ కామన్స్, పొట్టిగా సీసీ, వాళ్ళు మొదటి లైసెన్సులు 2002 డిసెంబర్‌లో ఇచ్చారు, ఇప్పుడు నడుస్తున్న 4.0 వెర్షన్ 2013లో వచ్చింది. బై అంటే నా పేరు చెప్పి ఏమైనా చేసుకో అని. బై-ఎస్ఏ అంటే పేరు చెప్పు, మార్చి పంచితే నువ్వు కూడా ఇదే లైసెన్స్ కింద పంచు అని. ఎన్‌సీ తగిలిస్తే వ్యాపారానికి వాడొద్దు, ఎన్‌డీ తగిలిస్తే మార్చి పంచొద్దు. సీసీ జీరో అయితే పేరు కూడా అక్కర్లేదు, పూర్తిగా వదిలేసుకోవడమే.

నీ చేయి ఎన్‌సీ మీదకే పోతుందని నాకు తెలుసు, అందరికీ అదే అనిపిస్తుంది, ఎవడో నా ఫోటోతో డబ్బులు చేసుకుంటే ఎలా అని. ఆలోచించు. వికీపీడియాకి ఫోటోలు ఇచ్చే వికీమీడియా కామన్స్ ఉంది కదా, 2004లో మొదలైంది, ఇవాళ అందులో 10 కోట్లు దాటి ఫైళ్ళున్నాయి, వాళ్ళు ఎన్‌సీ తీసుకోరు, ఎన్‌డీ కూడా తీసుకోరు. అక్కడితో అయిందా, చిన్న పాఠ్యపుస్తకం వేసేవాడు, లోకల్ పేపర్ వాడు, పక్కన రెండు యాడ్లు పెట్టుకుని ఊళ్ళ చరిత్ర రాసుకునేవాడు, వీళ్ళంతా ఇది వ్యాపారం కిందకొస్తుందేమో అని వెనక్కి తగ్గుతారు. ఇక దొంగతనంగా వాడేవాడంటావా, వాడు ఏ లైసెన్సూ చదవడు. కాబట్టి నా ఓటు బై, లేకపోతే బై-ఎస్ఏ. ఎన్‌సీ పెట్టి ఫ్రీగా ఇచ్చాను అని చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది, ఆ మాట వేరే సంగతి.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో, ఇచ్చాక వెనక్కి తీసుకోలేవు. నీ పేజీలోంచి తీసేయొచ్చు గానీ అప్పటికే ఆ లైసెన్స్ కింద దింపుకున్నవాడిని ఆపలేవు. అందుకని మనసు పడి తీసుకున్నవి, ముందు ముందు అమ్ముకుందామనో ఎగ్జిబిషన్‌లో పెడదామనో అనిపించేవి పక్కన పెట్టుకో. అన్నీ ఇచ్చేయాలని రూలేం లేదు. పేరు కూడా అక్కర్లేదు అనుకునే ముందు అమెరికన్ ఫోటోగ్రాఫర్ కరోల్ హైస్మిత్ సంగతి తెలుసుకో. ఆవిడ వేల ఫోటోలు అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేసింది జనం వాడుకోవాలని. ఆవిడ ఫోటోనే ఆవిడ సంస్థ వెబ్‌సైట్‌లో వాడినందుకు 120 డాలర్లు కట్టమని ఫోటోలు అమ్మే ఒక స్టాక్ ఫోటోల కంపెనీ తరఫున లెటర్ వచ్చింది! 2016లో కోర్టుకెళ్ళింది, పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి హక్కూ లేకుండా అందరికీ, వదిలేశావు కదా అని అవతలివాళ్ళు వాదించారు, ఆవిడ కాపీరైట్ వాదనని కోర్టు కొట్టేసింది. ఇలాంటివి పట్టించుకోకుండా ఉండగలిగితేనే సీసీ జీరో పెట్టు. నేనైతే పెట్టను.

4.0 ఎంచుకోమనడానికి ఇంకో కారణం ఉంది. పాత వెర్షన్లలో ఎవరైనా పేరు వేయడం మర్చిపోతే అక్కడికక్కడే వాడి హక్కు పోయేది. 4.0లో తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కు తిరిగొస్తుంది. ఆ పాత రూల్‌ని అడ్డం పెట్టుకుని, ఎర వేసినట్టు ఫోటోలు ఫ్రీగా పెట్టి, క్రెడిట్‌లో చిన్న తప్పు దొరకగానే బిల్లులు పంపేవాళ్ళు తయారయ్యారు. నువ్వు అలా చేయవులే. ఎవరైనా పేరు వేయకపోతే మర్యాదగా రెండు లైన్లు రాయి, చాలావరకు పాపం తెలియక చేసినవే, వెంటనే వేస్తారు. వాళ్ళకి ఆ పని కూడా తేలిక చెయ్, ఫోటో కింద క్రెడిట్ ఎలా వేయాలో నువ్వే రాసిపెట్టు, ఫోటో పేరు, నీ పేరు, లింక్, లైసెన్స్, కాపీ చేసి అతికించుకుంటే అయిపోయేలా.

ఇప్పుడు మనుషుల సంగతి, ఇక్కడ మాత్రం నా మాట విను. లైసెన్స్ అనేది ఫోటో తీసినవాడి హక్కు గురించే, ఫోటోలో ఉన్న మనిషి హక్కు గురించి కాదు. 2007లో ఏమైందంటే, అమెరికాలో ఒకాయన ఒక క్యాంపులో టీనేజ్ అమ్మాయిని సరదాగా ఫోటో తీసి ఫ్లికర్ అనే ఫోటోల సైట్‌లో సీసీ బై కింద పెట్టాడు. ఆస్ట్రేలియాలో ఒక మొబైల్ కంపెనీ దాన్ని తీసుకుని, వెటకారంగా ఒక లైన్ తగిలించి వీధుల్లో యాడ్ బోర్డుల మీద వేసింది. ఆ పిల్లకి తెలియదు, తీసినాయనకీ తెలియదు. ఇంట్లోవాళ్ళు కోర్టుకెళ్ళారు, ఆ ఆస్ట్రేలియా కంపెనీ మా పరిధిలోకి రాదని అమెరికా కోర్టు కేసు కొట్టేసింది. లైసెన్స్ ప్రకారం చూస్తే వాడుకోవచ్చనే ఉంది మరి, ఆ అమ్మాయిని అడిగిందెవరు? అందుకే మొహం గుర్తుపట్టేలా ఉన్న ఫోటో, అందులోనూ పిల్లలు, నిద్రపోతున్నవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు, ఏడుస్తున్నవాళ్ళు, ఇవి ఓపెన్ లైసెన్స్ కింద పెట్టొద్దు. అడిగి తీశావనుకో, ఫోటోకి ఒప్పుకోవడం వేరు, ప్రపంచంలో ఎవడైనా ఏ యాడ్‌కైనా వాడుకోవచ్చని ఒప్పుకోవడం వేరు. బజారులో జనం దూరంగా, చిన్నగా కనిపిస్తే పరవాలేదు. నాకైతే వీపులు కనిపించే ఫోటోలంటేనే ఇష్టం, జనమూ ఉంటారు, పేచీ ఉండదు.

కట్టడాలకీ తిరకాసులున్నాయి గానీ పాతవాటికి భయం లేదు, కొత్త బిల్డింగులు, విగ్రహాలు, గోడ బొమ్మలతోనే. ఐఫిల్ టవర్ చూడు, కట్టించిన ఐఫిల్ 1923లోనే పోయాడు, కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, పగలు తీసిన ఫోటోకి ఏ అడ్డూ లేదు, రాత్రి లైటింగ్ మీద మాత్రం కాపీరైట్ మాదే అంటుంది టవర్ నడిపే సంస్థ. అమెరికాలో రోడ్డు మీద నుంచి కనిపించే బిల్డింగ్ తీసి పెట్టుకోవచ్చు, అదే బిల్డింగ్ ముందున్న కొత్త విగ్రహానికి ఆ వెసులుబాటు లేదు. జర్మనీలో అందరూ నడిచే దారిలో నిలబడి తీస్తే సరే, ఎదురింటి పైఅంతస్తు ఎక్కి తీస్తే ఒప్పుకోరు. వికీమీడియా కామన్స్‌లో దేశాలవారీగా ఇదంతా రాసిపెట్టారు, పెట్టేముందు ఆ దేశం పేజీ ఒకసారి చూడు, ఐదు నిమిషాల పని.

ఇప్పుడు అసలు పని చెప్తా, ఎవరూ చేయనిది. క్యాప్షన్. నువ్వు పంపిన ఫోల్డర్ తెరిచాను, ఐఎంజీ 4471, ఐఎంజీ 4472, కింద "పాత కోట, సాయంత్రం, సూపర్ వ్యూ". ఏ కోట రా? ఏ వైపు? ఇది నీకు గుర్తుంది కాబట్టి నీకు ఫోటో, వేరేవాడికి ఉత్త రాళ్ళ గుట్ట. అదే "ఫలానా కోట, ఈశాన్యం మూల బురుజు, లోపలి మెట్ల మీద నుంచి, ఫలానా తేదీ, కుడివైపు పైనుంచి మూడు వరసల దాకా పగులు" అని రాస్తే, ఆ కోట మీద పనిచేసేవాడికి ఎప్పుడో పదేళ్ళ తర్వాత అది దొరుకుతుంది, ఆ పగులు అప్పటికి ఇంతే ఉండేదా అని పోల్చుకుంటాడు. ఎక్కడికెళ్ళినా ముందు అక్కడి బోర్డు ఫోటో తీసుకో, పేర్లు స్పెల్లింగుతో సహా అందులో ఉంటాయి, తర్వాత తీసినవన్నీ ఆ చోటివే అని నీకూ గుర్తుంటుంది. బోర్డులో చరిత్ర తప్పుగా రాసి ఉండొచ్చు, దాన్ని మాత్రం మక్కీకి మక్కీ దింపకు. వేరే దేశం వెళ్తే కెమెరాలో టైమ్ మార్చుకో, ఫోన్ తనే మార్చుకుంటుంది గానీ చాలా కెమెరాలు మార్చుకోవు, తెల్లారుజామున తీసినదానికి అర్ధరాత్రి టైమ్ పడి ఉంటుంది, చూసేవాడికి మతిపోతుంది.

ఏవి పెట్టాలి అన్నావు. సూర్యాస్తమయాలు పెట్టకు రా బాబూ, ప్రపంచంలో వాటికి కొదవ లేదు. నువ్వు బాగోలేవని పక్కన పడేసినవే ఎక్కువ పనికొస్తాయి, మ్యూజియంలో మూలనున్న అద్దాల బీరువా, శాసనం మీద సగం చెరిగిన అక్షరాలు, స్టేషన్ లోపలి మెట్లు, వంతెన కింద భాగం. 2018 సెప్టెంబర్‌లో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం కాలిపోయింది, రియోలో, అక్కడ దాదాపు 2 కోట్ల వస్తువులుండేవి. కాలిన వెంటనే అక్కడి స్టూడెంట్లు, వికీపీడియా వాళ్ళు జనాన్ని ఏం అడిగారో తెలుసా, మీరెప్పుడైనా చూడ్డానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో తీసుకున్న ఫోటోలుంటే పంపండి అని. ఏదో చూడ్డానికి వెళ్ళినవాళ్ళు వంకరగా, అద్దంలో తమ నీడ పడేలా తీసిన ఫోటోలే కొన్నిటికి మిగిలిన సాక్ష్యం. అలాంటి ఫోటోకి క్యాప్షన్ కూడా ఉంటే ఎంత విలువో నువ్వే ఊహించుకో.

లొకేషన్ గురించి ఒక జాగ్రత్త. ఫోన్ ఫోటోలో జీపీఎస్ నంబర్లు దాక్కుని ఉంటాయి, కొన్ని సోషల్ మీడియా యాప్‌లు తీసేస్తాయి గానీ వికీమీడియా కామన్స్‌లో, ఫ్లికర్‌లో కనిపించొచ్చు. కోటకి, వంతెనకి ఉండాలి, మంచిదే. ఇంట్లో తీసినవాటికి, చుట్టాలింట్లో తీసినవాటికి ముందే తీసేయ్. ఇక పక్షి గూడో, అరుదైన జంతువో, వేటగాళ్ళు వెతికేదేదైనా అయితే అసలు ఇవ్వకు, అంతగా చెప్పాలనిపిస్తే జిల్లా పేరు చాలు. ఆ నంబర్లలో చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే దాదాపు 11 మీటర్ల తేడాలో చోటు దొరికిపోతుంది, నేరుగా ఆ చెట్టు దగ్గరికే వచ్చేయగలరు.

ఎడిటింగ్ తక్కువ చెయ్. హొరైజన్ సరిచేయ్, ఆకాశంలో సెన్సర్ దుమ్ము చుక్కలుంటే 100 శాతం జూమ్ చేసి చూసి తుడిచేయ్, చీకటిగా ఉంటే కాస్త లేపు, చాలు. ఫిల్టర్ వేసి రాయి రంగు నారింజ చేశావంటే ఆ రాయి గురించి రాసేవాడికి నువ్వు అబద్ధం చెప్పినట్టే. ఆకాశం మార్చడం, కరెంటు తీగలు మాయం చేయడం ఇవి నీ గోడకి తగిలించుకునే ఫోటోలో చేసుకో. సైజ్ తగ్గించకు, తీసినంత పూర్తి రిజల్యూషన్‌లో పెట్టు. వాటర్‌మార్క్ వద్దే వద్దు, ఫ్రీగా ఇస్తూ దాని నడుమున పేరు రాయడం ఏమిటి, పేరుకి లైసెన్స్ ఉందిగా.

ఇంకోటి, సైట్‌లో పెట్టేశాం కదా అని కార్డు, హార్డ్ డిస్క్ ఖాళీ చేయకు. పనోరమియో అని ఉండేది, 2005లో మొదలైంది, ప్రపంచమంతా తిరిగేవాళ్ళు మ్యాప్ మీద తమ ఫోటోలు పెట్టేవాళ్ళు, గూగుల్ కొనుక్కుంది, 2016 నవంబర్‌లో మూసేసింది. జనం ఎన్నేళ్ళో పడి రాసుకున్న క్యాప్షన్లు, కింద వేరేవాళ్ళు "అది ఆ గుడి కాదు, పక్కది" అని సరిదిద్దిన కామెంట్లు ఆ సైట్‌తో పాటే కనిపించకుండా పోయాయి. కాబట్టి ఒరిజినల్స్ రెండు చోట్ల ఉంచుకో, క్యాప్షన్లు కూడా సైట్‌లో కాకుండా ముందు నీ దగ్గర ఫైల్‌లో రాసుకుని తర్వాత అతికించు.

నాలుగు వందల ఫోటోలు ఒకేసారి ఎక్కించాలనుకోకు, విసుగొచ్చి క్యాప్షన్లు ఎగ్గొడతావు. ముందు ఆ కోట ఫోటోల్లో ఒక పది తీసి, పేర్లు, దిక్కులు, తేదీలు రాసి నాకు పంపు. ఆ రెండో బురుజు ఫోటో ఒరిజినల్ కూడా పంపు, ఎడమకి వాలినట్టుంది, కెమెరా వంకరా లేక ఆ గోడే వంకరా అన్నది తేల్చుకున్నాకే సరిచేద్దాం.

మీ మావయ్య