అల్లుడూ, ఆ గ్యాప్ కనపడుతోందా?

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నిన్ను తిట్టింది. "ముప్ఫై ఏళ్ళొస్తున్నాయి, ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలతో ఆటలాడుకుంటున్నాడు. అదేంట్రా అంటే డిజైనింగ్ నేర్చుకుంటున్నా, ఆరు నెలల్లో ఈ ఉద్యోగం మానేస్తా అంటున్నాడు" అని. ఊఁ కొడుతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, గర్వంగా కూడా అనిపించింది. పడుకున్నాక భయం పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే పని చేసిన మేనత్త ఒకతి ఉందని నీకు గుర్తే రాలేదా అని కోపం కూడా వచ్చిందనుకో, అది తర్వాత తేలుస్తాను.

మీ అమ్మకి నేను సర్దిచెబుతాలే. నువ్వు మాత్రం కొన్ని సంగతులు విను.

నువ్వాడేవి డిజైన్ నేర్పే వెబ్ ఆటలే కదా. అవి ఫోన్లో ఆడకు, పెద్ద స్క్రీన్ మీద మౌస్‌తో ఆడు. రంగులు కలిపే ఆట ఆడేటప్పుడు స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపెయ్. రోజుకి ఇరవై నిమిషాలు చాలు.

అందరూ ఆ రంగుల ఆటతోనే మొదలుపెడతారు, సరదాగా ఉంటుంది కదా. నువ్వు ముందు బెజియర్ గేమ్ పట్టుకో. పాయింట్లు పెట్టి వంపులు గీసే పెన్ టూల్ మీద చెయ్యి తిరగనివాడు ఈ పనిలో ప్రతి రోజూ ఏడుస్తాడు. ఆ ఆటలో పాయింట్లు లెక్కపెట్టి ఇస్తారు, వాటితోనే ఆకారం గీయాలి. మొదట్లో ఇంత పిసినారితనం ఏంటి అనిపిస్తుంది. నేను కొత్తలో ఒక సున్నా గీయడానికి డజను పాయింట్లు పెట్టేదాన్ని, అది సున్నాలా కాక సొట్టలు పడ్డ గిన్నెలా ఉండేది. నాలుగు చాలురా: పైన ఒకటి, కింద ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి. పాయింట్ నుంచి సాగి వంపుని తిప్పే పుల్ల లాంటిది ఉంటుంది, దాన్ని హ్యాండిల్ అంటారు. ఒక్కో హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో సుమారు 55 శాతం ఉంటే కంటికి నిండు గుండ్రంగా కనిపిస్తుంది. ఈ వంపుల లెక్క అసలు అక్షరాల కోసం పుట్టిందే కాదు. 1960ల్లో పియర్ బెజియర్ అనే ఇంజనీరు రెనో కార్ల బాడీల కోసం వాడాడు. అంతకుముందే, 1959లో, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో అనే ఆయన ఇదే పట్టుకున్నాడు గానీ కంపెనీ గుట్టుగా ఉంచింది, పేరేమో బెజియర్‌కి దక్కింది. ఈ పనిలోకి వస్తానంటున్నావు కదా, ఇలాంటివి ముందే అలవాటు చేసుకో.

క్యాంట్ అన్‌సీ అని ఇంకోటుంది. ఒకే స్క్రీన్‌వి రెండు బొమ్మలు పక్కపక్కన చూపించి ఏది సరైందో పట్టుకోమంటారు. ఒకదాంట్లో ఐకాన్ పిసరంత కిందికి జారి ఉంటుంది, ఒకదాంట్లో బూడిదరంగు అక్షరాలు మరీ పల్చగా ఉంటాయి. అక్షరాల సంగతి వచ్చినప్పుడు నీ అందం లెక్కలు పక్కన పెట్టు. మామూలు సైజు అక్షరాలకి వెనక రంగుతో కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లోనే రాసుంది. నాలాంటి వయసు వాళ్ళు చదవాలిగా మరి.

ఇక కెర్న్ టైప్. దీని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆట చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక ఇంగ్లీషు పదం ఇస్తారు. మొదటి అక్షరం, చివరి అక్షరం కదలవు. మధ్యలోవి జరుపుతూ గ్యాపులన్నీ కంటికి సమానంగా కనిపించేలా చేయాలి. అయ్యాక ఒక టైపోగ్రాఫర్, అంటే అక్షరాలు సర్దడంలో చెయ్యి తిరిగిన మనిషి, సర్దిన పదంతో పోల్చి వందకి మార్కులు వేస్తారు. నేను రిటైరయ్యాక ఒకరోజు ఊరికే ఆడి చూశాను. ఆయన సర్దిన పదం నా పదం మీద వచ్చి కూర్చుంది. అది చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది నాకు 1996లో దొరికి ఉంటే అనిపించింది.

ఆ ఏడాది ఒక బిల్డింగ్‌కి పేరు పెట్టే పని నాకొచ్చింది. చనిపోయిన పెద్దాయన పేరు, ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో, ఒక్కోటి రెండడుగుల ఎత్తున ఇత్తడిలో కోసి రాతి గోడకి బిగించాలి. పని ఇచ్చింది ఆయన కూతురు. నాకు అప్పటిదాకా వచ్చినవాటిలో అదే పెద్ద పని. ఫాంట్ ఎంచడానికి వారం తీసుకున్నాను. పేరు టైప్ చేశాను, స్క్రీన్ మీద రెండంగుళాలుంది, చక్కగా ఉంది. ఏ4 కాగితం మీద ప్రింట్ తీశాను, ఇంకా చక్కగా ఉంది. ఫైల్ పంపేశాను. అక్షరాలు కోసేవాళ్ళు "గోడకి డ్రిల్ చేసే ముందు ఫుల్ సైజు పేపర్ టెంప్లేట్ ఒకసారి చూసి వెళ్ళండి మేడమ్" అని రెండుసార్లు కబురు పెట్టారు. నేను వెళ్ళలేదు. ఏ పని ఉందో కూడా గుర్తులేదు ఇప్పుడు.

ఆ పేరులో A అక్షరం పక్కన V ఉంది. వాటిని ఒకసారి కాగితం మీద రాసి చూడు. A పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, V కిందికొచ్చేకొద్దీ సన్నబడుతుంది. పక్కపక్కన పడే వాటి ఏటవాలు గీతలు రెండూ ఒకే దిక్కుకి వాలి ఉంటాయి. ఒక్కో అక్షరం చుట్టూ కనపడని పెట్టె ఉంటుందనుకో, ఆ పెట్టెల్ని అంచుకి అంచు ఆనించినా మధ్యలో వాలుగా పెద్ద ఖాళీ పడుతుంది. మంచి ఫాంట్ అయితే అలాంటి జంటల్ని దగ్గరికి జరపమని లోపలే రాసుంటుంది. నా ఫాంట్‌లో అది లేదో, నేను సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేయలేదో. రెండంగుళాల్లో ఆ ఖాళీ నా కంటికి ఆనలేదు. ఇరవై అడుగుల గోడ మీద మాత్రం పేరు సరిగ్గా మధ్యకి విరిగి రెండు ముక్కలైంది.

మర్నాడు పొద్దున ఆమె నన్ను రమ్మంది. ఇద్దరం రోడ్డుకి అవతల నిలబడి చూశాం. ఆమె కోప్పడలేదు. కాసేపు చూసి, "మా నాన్న పేరు విరిగిపోయినట్టుందేంటండీ?" అంది.

ఒరేయ్, అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఫాంటే అంతండీ, ఆ స్టైల్ అలాగే ఉంటుంది" అన్నాను. ఆమె తల ఊపింది. నా మాట నమ్మింది మరి. డబ్బులు కూడా పూర్తిగా ఇచ్చింది. గ్యాప్ తప్పు ఎవరైనా చేస్తారు. ఆమె కంటికి సరిగ్గా కనిపించినదాన్ని కాదని చెప్పడమే నేను చేసిన తప్పు. ఒప్పుకుంటే రాయి మళ్ళీ డ్రిల్ చేయాలి, పాత రంధ్రాలు పూడవు, ఖర్చు నా మీద పడుతుందని భయం. అక్షరాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు ఆ రోడ్డున పోలేదు నేను, చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

అందుకే చెబుతున్నాను, ఆ ఆటలో 90 వచ్చిందని గంతులేయకు, 60 వచ్చిందని మంచమెక్కకు. ఆ మార్కులు ఒక మనిషి కంటితో పోల్చి వేసినవి. ఇంకో అనుభవజ్ఞుడైతే పిసరంత అటో ఇటో పెడతాడు. సబ్మిట్ నొక్కే ముందు కుర్చీ వెనక్కి జరిపి దూరం నుంచి చూడు. కళ్ళు సగం మూసి చూడు. ఇంటి దగ్గర సొంతంగా సాధన చేసేటప్పుడు పదాన్ని తలకిందులు చేసి చూడు, అప్పుడు చదవడం మానేసి ఆకారాలు చూస్తావు. మూడేసి అక్షరాలే కనపడేలా మిగతావి చేత్తో మూసి, నడిమి అక్షరం సరిగ్గా నడిమిలో ఉందా లేదా చూసుకో. ఆ తర్వాత డిజైన్ అంటే ఏంటో తెలియని మనిషిని పిలిచి చూపించు. మీ అమ్మకే చూపించు. "ఇక్కడేదో ఎడంగా ఉందిరా" అంటే వాదించకు.

కళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. నా మందపాటి కళ్ళద్దాలు నువ్వు చిన్నప్పుడు పెట్టుకుని కళ్ళు తిరుగుతున్నాయని పడ్డావు, గుర్తుందా? ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో దేన్నైనా ఇరవై సెకన్లు చూడు. అర్ధరాత్రి దాటాక ఆడకు. ఈ వయసులో ఏమీ తెలియదు, తర్వాత తెలుస్తుంది. ఉద్యోగం మాత్రం ఆరు నెలలకే మానకు నాన్నా. సొంతంగా చేసిన పది పనులు చేతిలో ఉన్నాయన్నాక అప్పుడు ఆలోచిద్దాం. ఆట స్కోర్లు చూసి ఎవరూ పని ఇవ్వరు.

ఇంకొకటి. నేను చూసినంతలో ఈ ఆటలన్నీ ఇంగ్లీషు అక్షరాలవే. తెలుగులో మన తంటా పక్కకే కాదు, కిందికి కూడా ఉంటుంది. పై వరుసలోని ఒత్తు వచ్చి కింది వరుసలోని గుడి మీద కూర్చుంటుంది. దానికి ఆట ఎవరైనా చేస్తారేమో చూడాలి. అప్పటిదాకా 'స్వాతంత్ర్యం', 'కీర్తి' ఒకదాని కింద ఒకటి రాసి ఎంత ఎడం కావాలో నువ్వే చూసుకో.

దీంతో పాటు ఒక ఫైల్ పంపుతున్నాను. ఆ గోడ మీది పేరు, అక్షరాలన్నీ విడివిడిగా ఉన్నాయి, మొదటిదీ చివరిదీ కదపకు. మిగతావి సర్ది ఆదివారం లోపు నాకు పంపు. నేను సర్దింది నా దగ్గరుంది, ముందే చూపించను. మార్కులు నేనే వేస్తాను.

మీ అత్త